సర్వేకి దొరకని కప్ప



ముందుగా ఒక ప్రశ్న. మీ ఊరి కొండ మీద ఎన్ని రకాల కప్పలున్నాయి? ఫోన్ చూడకుండా చెప్పండి. చూసినా దొరకదనుకోండి, అది వేరే సంగతి.

నేను బీఎస్సీలో జువాలజీ చదివాను. మూడేళ్ళు చదివి, పరీక్షలు రాసి, పాసై ఊరికొచ్చాను. అప్పట్లో నన్నెవరైనా ఈ ప్రశ్న అడిగుంటే "కప్పల్లో రకాలేంటి, కప్ప కప్పే కదా" అనేవాణ్ణి. మైదానంలో హాస్టల్లో ఉండి చదువుకున్న మనవాళ్ళని "నూతిలో కప్పలు" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. మీలో చాలామంది ఆ మాట పడే ఉంటారు. అప్పుడు కోపం వచ్చేది. ఇప్పుడు నవ్వొస్తుంది. ఎందుకంటే మన కొండల మీద ఉన్న ఒక కప్ప నూతిలోకి కాదు కదా, పుట్టడానికి కుంటలోకి కూడా దిగదు. ఆ కప్ప గురించే ఈ వ్యాసం. అయితే కప్ప దగ్గర మొదలుపెట్టినా నేను వెళ్ళేది గ్రామసభ దగ్గరికే. కొంచెం ఓపిగ్గా చదవండి.

1998లో ఇంద్రనీల్ దాస్, ఎస్.కె. చందా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తూర్పు కనుమల నుంచి ఒక చిన్న కప్పని కొత్త జాతిగా లోకానికి చెప్పారు. ఎక్కడిదో తెలుసా? అప్పటి విశాఖపట్నం జిల్లా కొండలది. మనదే. దానికి ఫిలాటస్ టెరిబ్రాన్స్ అని పేరు పెట్టారు. తర్వాత 2010లో ఈ రకం పొద కప్పల కోసం బిజు, దత్తా, ఇంకొంతమంది కలిసి 'రావోర్కెస్టిస్' అనే కొత్త ప్రజాతిని ఏర్పాటు చేశారు. అందులో 'రావ్' అంటే సి.ఆర్. నారాయణరావు. బెంగళూరులో జువాలజీ చెప్తూ దక్షిణ భారతదేశపు కప్పల మీద పని చేసిన పెద్దాయన. 'కరెంట్ సైన్స్' పత్రికకి మొదటి సంపాదకుడు కూడా ఆయనే. ఈ రావోర్కెస్టిస్ కప్పలు 70కి పైగా రకాలున్నాయి, దాదాపు అన్నీ పశ్చిమ కనుమలవే. పశ్చిమ కనుమలకి 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. అక్కడ ప్రతి లోయలో ఎవరో ఒకరు టార్చి పట్టుకుని తిరిగారు, కొత్త కొత్త కప్పల్ని కనిపెట్టారు. మన తూర్పు కనుమల్లో ఎవరు తిరిగారు? ఇక్కడ టార్చి వేసుకుని తిరిగితే ఏమనుకుంటారో మీకు తెలుసు, నాకు తెలుసు.

మన కప్పకి ఒక చుట్టం ఉంది. 1997లో అదే ఇద్దరు శాస్త్రవేత్తలు మధ్యప్రదేశ్‌లోని అమరకంటక్‌లో, నర్మద పుట్టే చోట, ఇంకో పొద కప్పకి పేరు పెట్టారు. ఆ లాటిన్ పేరుకి అర్థం 'పవిత్ర వనానిది' అని. అంటే మన ఊరి దేవత చెట్లలాంటి చోటు అన్నమాట. ఒక శాస్త్రవేత్త అడవిని చూసి, దాన్ని కాపాడింది దేవుడి వనం అని గుర్తించి, కప్ప పేరులోనే ఆ సంగతి పెట్టాడంటే నాకు సంతోషమేసింది. అదే అమరకంటక్‌లో కొండల మీద బాక్సైట్ తవ్వారని చదివాక ఆ సంతోషం సగమైంది.

సరే, ఈ కప్ప ఎలా బతుకుతుందో చెప్తాను. అసలు విషయం అక్కడే ఉంది.

మీ స్కూల్ గోడ మీద ఒక చార్టు ఉండేది, గుర్తుందా? గుడ్లు, తోకకప్ప, కాళ్ళొచ్చిన తోకకప్ప, తోక పోయిన పిల్లకప్ప, పెద్ద కప్ప, మళ్ళీ గుడ్లు. గుండ్రంగా బాణం గుర్తులు. ప్రతి కప్పా నీళ్ళలోనే పుడుతుందని ఆ చార్టు చెప్తుంది. మనం బట్టీ పట్టాం, మార్కులు తెచ్చుకున్నాం. రావోర్కెస్టిస్ పొద కప్పలు ఆ చార్టులో లేవు. వీటికి నీళ్ళలో ఈదే తోకకప్ప దశే లేదు. తల్లి తడి ఆకుల మీదో, నేల మీద రాలిన ఆకుల కిందో గుడ్లు పెడుతుంది. తోకకప్ప ఎదుగుదల అంతా గుడ్డు లోపలే జరిగిపోతుంది. గుడ్డు పగిలితే బయటికొచ్చేది తోకకప్ప కాదు, బియ్యపుగింజంత కప్ప. నాలుగు కాళ్ళూ ఉన్న, పూర్తిగా తయారైన కప్ప.

దీని అర్థం ఏంటంటే, ఈ కప్పకి చెరువు అక్కర్లేదు, గెడ్డ అక్కర్లేదు. కానీ గాలిలో తడి కావాలి. కొండ మీద పొగమంచు కావాలి. నేల మీద ఆకుల పొర ఎండిపోకుండా ఉండాలి. గుడ్డు చుట్టూ ఉన్న జిగురు పొర ఎండిందంటే లోపల కప్ప చచ్చినట్టే. ఎండని ఆపే పెద్ద చెట్లు, వాటి కింద పొదలు, పొదల కింద మెత్తటి ఆకుల దుప్పటి. ఈ మూడూ ఉంటేనే దీని బతుకు. మూడింట్లో ఏ ఒక్కటి పోయినా కప్ప ఇంకో చోటికి నడిచి వెళ్ళలేదు. ఒళ్ళు మొత్తం రెండు మూడు సెంటీమీటర్లు. ఎంత దూరం వెళ్తుంది?

పగలు కనపడదు. రాత్రి పొద మీదికెక్కి మగ కప్ప గొంతు కింద సంచిని ఉబ్బించి అరుస్తుంది. చెరువు కప్పల బెకబెక కాదు. ఈ రకం కప్పలది ఎక్కువగా టిక్ టిక్ మని, గోటితో డబ్బా మీద కొట్టినట్టు చిన్న చప్పుడు. మీరు కీచురాయి అనుకుని వదిలేసి ఉంటారు. నేనూ అలాగే వదిలేశాను, ఇరవయ్యేళ్ళు. కిందటి వానాకాలంలో ఒక రాత్రి పక్క ఊరి మీటింగ్ నుంచి కాఫీ తోటల మధ్య నుంచి నడిచి వస్తూ ఆ చప్పుడు దగ్గర ఆగాను. ఫోన్ టార్చి వేసి వెతికాను. అరగంట పట్టింది. నా బొటనవేలి గోరు కన్నా కొంచెం పెద్దది, గోధుమ రంగుది, కాఫీ ఆకు మీద కూర్చుని ఉంది. వెలుగు పడగానే అరవడం ఆపేసింది. అది టెరిబ్రాన్సే అని నేను చెప్పను, అలా చెప్పాలంటే కొలతలు కావాలి, పోల్చి చూసేవాళ్ళు కావాలి. కానీ అది ఆ చార్టులో లేని కప్ప అని మాత్రం ఆ రాత్రి నమ్మకం కుదిరింది.

వానలు మొదలైనప్పటి నుంచి కొద్ది నెలలే దీని గొడవంతా. మిగతా కాలం ఆకుల కింద, బెరడు సందుల్లో దాక్కుని ఉంటుంది. ఇటుకల పండగ రోజుల్లో మనవాళ్ళు అడవంతా తిరుగుతారు కదా, అప్పుడు ఇది ఎదురుగా ఉన్నా కనపడదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఇప్పుడు కొండ సంగతి. మన కొండల పైన బల్లపరుపుగా ఉండే చోట్లు మీకు తెలుసు. ఆ పై పొరలోనే బాక్సైట్ ఉంటుంది. లక్షల ఏళ్ళు వాన పడి పడి రాయి మారి ఆ మట్టయింది. అడుగున ఉన్న రాయి పేరు ఖొండలైట్. ఖోండులు అంటే మనవాళ్ళ పేరే రాయికి పెట్టారు. (రాయికి మన పేరు పెట్టినవాళ్ళకి కొండ మనదని ఒప్పుకోవడానికి మాత్రం ఇప్పటికీ ఇబ్బందే.) పై పొర బొరియలు బొరియలుగా ఉంటుంది, స్పాంజి లాగ వాన నీటిని పట్టుకుని మెల్లమెల్లగా వదులుతుంది. అందుకే కొండ చుట్టూ మధ్యలో ఊటలుంటాయి. వేసవిలో కూడా మనం బిందె పెట్టే ఊట నీళ్ళు కిందటి వానాకాలానివే. కొండ తల మీద తడి ఉన్నంతకాలం కప్ప ఉంటుంది. ఆ తడే కిందికి దిగి మన బిందెలోకి వస్తుంది. కప్పకీ మనకీ నీళ్ళ ట్యాంకు ఒక్కటే అన్నమాట.

ఆ ట్యాంకు మూత తీసేస్తామని ఎన్నిసార్లు వచ్చారో ఈ పేజీ చదివేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. 1997 జులై 11న సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వం కూడా భూమిని ప్రైవేటు కంపెనీల తవ్వకాలకి లీజుకివ్వకూడదని చెప్పింది. మన కప్పకి పేరు పెట్టడానికి ఒక ఏడాది ముందు. అయినా 2015 నవంబర్ 5న జీవో 97 వచ్చింది, చింతపల్లి రిజర్వు అడవిలో 1,212 హెక్టార్లు బాక్సైట్ కోసం ప్రభుత్వ ఖనిజ సంస్థకి ఇస్తూ. ఊళ్ళన్నీ రోడ్డు మీదికొచ్చాయి. దాన్ని పక్కన పెట్టారు, 2019లో రద్దు చేశారు. రద్దయింది జీవో. బాక్సైట్ కొండలోనే ఉంది. కాబట్టి మళ్ళీ ఎవరైనా రావొచ్చు.

వచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. ముందు పర్యావరణ ప్రభావ నివేదిక తయారవుతుంది. కేంద్ర పర్యావరణ శాఖ గనుల ప్రాజెక్టులకి ఇచ్చే ప్రామాణిక షరతుల పత్రం ఒకటుంది, టీఓఆర్ అంటారు. ఇంగ్లీషులో ఉంటుంది, చదవడానికి విసుగ్గా ఉంటుంది, అయినా చదవండి. అందులో గాలి, నీరు, చప్పుడు, మట్టి, మొక్కలు, జంతువుల గురించి ఒక సీజన్ సమాచారం సేకరించాలని ఉంటుంది. ఆ సీజన్ ఏది? వర్షాకాలం కానిది. వేసవి కావొచ్చు, వానల తర్వాతి రోజులు కావొచ్చు, చలికాలం కావొచ్చు. వానాకాలం మాత్రం కాదు.

ఇందులో కుట్ర ఉందని నేను అనను. గాలి విషయంలో ఆ షరతు మంచిదే. వానలో దుమ్ము అణిగిపోతుంది కాబట్టి వానాకాలంలో కొలిస్తే గాలి శుభ్రంగా ఉన్నట్టు కనపడుతుంది, అలా మోసం చేయకుండా పెట్టారు. కానీ అదే సీజన్ని జంతువులకీ పెట్టేశారు. వానలోనే అరిచే కప్పని వాన లేనప్పుడు వెతకమంటే ఎలా దొరుకుతుంది? సర్వేకి వచ్చినవాళ్ళు నిజాయితీపరులే అనుకుందాం. పగలు వస్తారు, ఎండాకాలంలో వస్తారు, జీపు వెళ్ళేంతవరకు వస్తారు. కనపడినవి రాసుకుంటారు. కాకి, మైనా, ఉడత, తొండ, మామూలు చెరువు కప్ప. చివర్లో 'అరుదైన, అంతరించే ప్రమాదమున్న జాతులేవీ ఈ ప్రాంతంలో కనపడలేదు' అని ఒక వాక్యం. ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ కొండ ఖాళీ అయిపోయింది, కాగితం మీద.

ఇంకో మెలిక చూడండి. ఐయూసీఎన్ అని ప్రపంచంలోని జీవులకి ప్రమాదం ఎంతో లెక్కగట్టే సంస్థ ఉంది. పులి లాంటివాటికి 'ప్రమాదంలో ఉంది' అని ముద్ర వేస్తుంది. మన టెరిబ్రాన్స్‌ని 'సమాచారం చాలదు' అనే గదిలో పెట్టింది. దీని అర్థం 'మాకు తెలీదు, ఎవరైనా వెళ్ళి చూడండి' అని. నివేదికలు రాసేవాళ్ళ చేతిలో పడేసరికి 'ప్రమాదంలో ఉన్న జాబితాలో లేదు' అయిపోతుంది. తెలీకపోవడానికీ ప్రమాదం లేకపోవడానికీ మధ్య ఉన్న తేడా అంతా ఆ ఒక్క గీతలో మింగేస్తారు. 2023లో ప్రపంచంలోని 8,011 రకాల ఉభయచరాల లెక్క తీస్తే 40.7 శాతం ప్రమాదంలో ఉన్నాయని తేలింది. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇంత దెబ్బ తిన్న గుంపు ఇంకోటి లేదు. అంత లెక్కలోనూ సమాచారం లేనివి ఒక పక్కన కూర్చునే ఉన్నాయి.

ఇది మీకు ఎక్కడో విన్నట్టు లేదూ? సర్వే రోజు పొలంలో లేడు కాబట్టి పోడు సాగు చేయడం లేదని రాసేసిన కేసులు మీ ఊళ్ళో ఎన్ని ఉన్నాయి? కాగితం లేదు కాబట్టి హక్కు లేదు, ఆర్ఓఎఫ్ఆర్ పట్టా తిరస్కరించాం అన్న నోటీసులు? చూడ్డానికి రానివాళ్ళు, చూసినట్టు రాయడం. ఈ కప్ప కేసు, మన కేసు ఒకే ఫైల్లో ఉన్నాయి. నేను కప్ప గురించి ఇంత రాయడానికి కారణం అదే. జాలి ఒక్కటే కాదు.

ఈమధ్య కొండల మీద బాక్సైట్ కన్నా ఎక్కువ వినపడుతున్న మాట పంప్డ్ స్టోరేజీ. కింద ఒక రిజర్వాయరు, పైన ఒక రిజర్వాయరు. కరెంటు మిగిలినప్పుడు నీటిని పైకి తోడతారు, కరెంటు కావలసినప్పుడు కిందికి వదిలి తయారు చేస్తారు. మన అల్లూరి జిల్లాలో, పార్వతీపురం మన్యంలో ఇలాంటివి చాలా ప్రతిపాదించారు. దీని గురించి మాట్లాడితే ఒక పెద్దమనిషి నాతో అన్నాడు: "నీళ్ళు నిలబెడుతున్నారు కదయ్యా, మీ కప్పలకి పండగే కదా." ఆయన వెటకారంగా అనలేదు, నిజంగానే అనుకున్నాడు. స్కూల్ గోడ మీది ఆ చార్టే ఆయన చేత అలా అనిపించింది. కొండ మీద చెట్లు కొట్టి, పొదలు పీకి, రాయి పేల్చి నిలబెట్టిన నీళ్ళు ఈ కప్పకి ఒక్క చుక్క కూడా పనికిరావు. దానికి కావలసింది నిలబడ్డ నీరు కాదు, ఆకు మీద తడి. మనకీ ఇలాగే చెప్తారు కదా, డ్యాం వస్తే మీకు నీళ్ళొస్తాయని. ఏ డ్యాం కింద మునిగినవాళ్ళకి ఆ డ్యాం నీళ్ళు అందాయో ఒక్క ఊరి పేరు చెప్పమనండి.

ఇక్కడిదాకా చదివి కొంతమంది అనుకుంటారు, సరే, కప్పని చూపించి అడవిని అభయారణ్యం చేయమని అడుగుదాం అని. ఆగండి. ఇది రెండు వైపులా పదునున్న కత్తి. జంతువు పేరు చెప్పి మనల్ని ఖాళీ చేయించిన చరిత్ర తక్కువేం కాదు. 2024 జూన్‌లో పులుల ప్రాధికార సంస్థ దేశంలోని టైగర్ రిజర్వుల కోర్ ప్రాంతాల నుంచి 591 ఊళ్ళని తరలించే పని వేగం చేయమని రాష్ట్రాలకి లేఖ రాసింది. 2025 మే నెలలో తెలంగాణలో జీవో 49 వచ్చింది, కుమురం భీం పేరు మీదే పులుల కారిడార్ అట, దాదాపు 1.49 లక్షల హెక్టార్లు. జల్ జంగల్ జమీన్ అన్నవాడి పేరు పెట్టి ఆయన మనవల్ని జంగల్ నుంచి దూరం చేసే కాగితం. ఆసిఫాబాద్ జనం బంద్ చేశాక జులైలో నిలిపివేశారు. కాబట్టి కప్పని తీసుకెళ్ళి కంచె వేసేవాళ్ళ చేతిలో పెట్టడం నాకు ఇష్టం లేదు. కంచె వేసి మనల్ని బయటికి పంపాక గని వస్తే అడ్డుపడేవాళ్ళు ఎవరుంటారు? నియంగిరిలో ఏం జరిగిందో చూశాం. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభల్నే అడగమంది, 12 ఊళ్ళు కూర్చుని 12కి 12 వద్దన్నాయి. ఆ కొండని అటవీ శాఖ కాపాడలేదు. డోంగ్రియా కోందులు కాపాడారు. ఆ కొండ మీద కప్పలుంటే అవి కూడా వాళ్ళ వల్లే మిగిలాయి.

మరి ఎవరి చేతిలో పెట్టాలి? మన చేతిలోనే. చట్టం కూడా ఆ మాటే చెప్తోంది. 2006 అటవీ హక్కుల చట్టం అనగానే మనకి పట్టా ఒక్కటే గుర్తొస్తుంది. అది వ్యక్తిగత హక్కు. అదే చట్టంలో సెక్షన్ 3(1)(ఐ) తీయండి, సామూహిక అటవీ వనరుని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు. 3(1)(కె) తీయండి, జీవవైవిధ్యం మీద, దానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజం హక్కు. సెక్షన్ 5 ఇంకా సూటిగా ఉంటుంది, వన్యప్రాణుల్ని, అడవిని, జీవవైవిధ్యాన్ని, నీటి వనరుల్ని కాపాడే అధికారం గ్రామసభకి ఉందని. అధికారం అనే మాట వాడింది చట్టమే, నేను కాదు. ఈ సెక్షన్ 5ని మనం పదిహేడు పద్దెనిమిదేళ్ళుగా పెట్టెలో పెట్టి తాళం వేశాం.

ఇంకోటి, 2002 జీవవైవిధ్య చట్టం. దీని ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఆ కమిటీ ఊరివాళ్ళతో మాట్లాడి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. మీ పంచాయతీలో ఆ రిజిస్టర్ ఉందా? ఉండొచ్చు. గ్రీన్ ట్రిబ్యునల్ 2020 జనవరి ఆఖరుకల్లా పూర్తి చేయాలి, లేకపోతే రాష్ట్రాలు నెలకి పది లక్షలు కట్టాలి అనేసరికి దేశమంతా హడావుడిగా రిజిస్టర్లు తయారయ్యాయి. సచివాలయానికి వెళ్ళి మీ ఊరిది అడగండి. అందులో కప్పల పేజీ తీయండి. మా దగ్గర నేను చూసిన రిజిస్టర్‌లో కప్పలు అన్న చోట 'కప్ప' అని రాసుంది. ఒక్క మాట. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. కమిటీ సభ్యుల్లో ఒకాయనకి తాను సభ్యుణ్ణన్న సంగతే తెలీదు.

ఆ పేజీ నింపుదాం. ఈ వానాకాలంలోనే. ఇదే నేను మిమ్మల్ని అడిగేది.

అంతకన్నా ముందు ఒక మాట మనలో మనం చెప్పుకోవాలి, బయటివాళ్ళు చెప్పేలోపు. అన్నీ కంపెనీల తప్పులే కావు. వేసవిలో ఊరికే నిప్పు పెట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది, ఆకుల పొర మొత్తం బూడిదవుతుంది. ఆ కప్పకి అదే ఇల్లు. పోడు వేరు, అదుపు లేని నిప్పు వేరు, రెంటికీ తేడా మన పెద్దలకి బాగా తెలుసు, మన వయసువాళ్ళకి తెలీట్లేదు. కలుపు మందు కూడా కొండెక్కింది. కప్ప చర్మంతో కూడా ఊపిరి తీసుకుంటుంది, మందు నేరుగా లోపలికి పోతుంది. కాఫీ తోటల్లో నీడ చెట్లు పల్చబడిపోతున్నాయి, ధర బాగుందని. ఈ మాటలు రాస్తే కొంతమందికి నా మీద కోపం రావొచ్చు. రానివ్వండి. సెక్షన్ 5 ప్రకారం అధికారం మనదే అన్నప్పుడు బాధ్యత పక్కింటోడిది కాదు కదా.

ఎలా చేయాలో చెప్తాను, పెద్ద ఖర్చేం లేదు. వాన పడి ఆగిన రాత్రి, ఏడు నుంచి పది మధ్య, నలుగురైదుగురు కలిసి వెళ్ళండి. ఒంటరిగా వద్దు, పాములుంటాయి, ఇంకా వేరే కారణాలు కూడా ఉన్నాయి. ఊరి పెద్దకి చెప్పి వెళ్ళండి. ఒక చోట కూర్చుని టార్చి ఆపేసి పది నిమిషాలు వినండి. ఫోన్లో వాయిస్ రికార్డర్ పెట్టండి, ముందుగా మీ నోటితో తేదీ, టైము, ఊరి పేరు, ఎంత ఎత్తులో ఏ చెట్ల మధ్య ఉన్నారో చెప్పండి. తర్వాత చప్పుడు వచ్చిన పొద దగ్గరికి వెళ్ళి ఫోటో తీయండి, ఆ చోటికి మీ భాషలో ఉన్న పేరు రాయండి. కప్పని పట్టుకోవద్దు. మన చేతి ఉప్పు, దోమల మందు, శానిటైజర్ దానికి విషం. ఫోటోలని ఫేస్‌బుక్‌లో పెట్టేటప్పుడు లొకేషన్ తీసేయండి, అరుదైన జంతువుల్ని ఎత్తుకెళ్ళి అమ్ముకునేవాళ్ళు కూడా ఈ పేజీ చూస్తారు. రిజిస్టర్‌లో మందు మొక్కల రహస్యాలు రాయడం గురించి మన పెద్దలకి భయాలున్నాయి, అవి న్యాయమైన భయాలే, వాటిని ఇప్పుడు ముట్టుకోవద్దు. కప్పల పేజీకి ఆ చిక్కు లేదు.

పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ రికార్డింగు మా అమ్మకి వినిపిస్తే వెంటనే చెప్పింది, "ఇది కాఫీ కలుపు తీసే రోజుల్లో వస్తుంది, పైన తోటలో ఎక్కువ, కింద తోటలో రాదు" అని. కింద తోటలో ఎందుకు రాదని అడిగితే నన్ను వింతగా చూసి, "అక్కడ చెట్లు కొట్టేశాం కదరా" అంది. నేను మూడేళ్ళు చదివిన జువాలజీలో ఎవరూ చెప్పని పాఠం అది. ఆమె మాటని ఆమె పేరుతోనే మా గ్రామసభ పుస్తకంలో రాశాం.

తర్వాత గ్రామసభ పెట్టి తీర్మానం చేయండి. ఫలానా తేదీల్లో, ఫలానా చోట్ల, వానాకాలంలో ఈ కప్పల చప్పుడు మేం విన్నాం, రికార్డు చేశాం, ఈ ప్రాంతం మా సామూహిక అటవీ వనరు, ఇక్కడ ఏ సర్వే అయినా వానాకాలంలో కూడా రాత్రిపూట జరగాలి, గ్రామసభ మనుషులు వెంట ఉండాలి అని. పెసా కింద, అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 కింద అని రాయడం మర్చిపోవద్దు. సంతకాలు, వేలిముద్రలు. ఒక కాపీ పంచాయతీకి, ఒకటి ఐటీడీఏకి, ఒకటి అటవీ శాఖకి, ప్రతిదానికీ రసీదు తీసుకోండి. రేపు ఎవరైనా 'ఈ కొండ మీద ఏమీ కనపడలేదు' అనే నివేదికతో వస్తే, ప్రజాభిప్రాయ సేకరణలో మైకు ముందు అరవడంతో పాటు, టేబుల్ మీద ఆ కాగితం పెట్టొచ్చు. అరుపు మినిట్స్‌లో 'కొందరు వ్యతిరేకించారు' అని ఒక్క లైన్ అవుతుంది. రసీదు ఉన్న కాగితాన్ని కోర్టులో మళ్ళీ తీయొచ్చు.

ఆగస్టు 9కి మనమంతా ర్యాలీలు చేస్తాం, డప్పులు కొడతాం, స్టేటస్‌లు పెడతాం. చేద్దాం. ఆ వారంలో ఒక్క రాత్రి మాత్రం ఏ చప్పుడూ చేయకుండా కొండ మీద కూర్చుందాం. మా ఊరి నుంచి మేం తొమ్మిదిమందిమి వెళ్తున్నాం, మా అమ్మ పదో మనిషి, తనూ వస్తానంది. మీ ఊళ్ళో రికార్డు చేసినవి ఈ పేజీకి మెసేజ్‌లో పంపండి, ఊరి పేరు, తేదీ తప్పకుండా రాసి. ఏది ఏ కప్పో తేల్చగలిగినవాళ్ళతో మాట్లాడే పని మేం చూసుకుంటాం. తేలినా తేలకపోయినా ముందు మీ గ్రామసభ పుస్తకంలోకి ఎక్కించండి, మాకు పంపడం ఆ తర్వాత.